కొత్త జెట్టి, చెడ్డ జెట్టి



కుస్తీ చూచి వచ్చినవారు రచ్చబండమీద కూర్చుండి మాటలాడుకొనునప్పుడు ఒక మాట తప్పక వినవచ్చును. "అది లాలూచీ కుస్తీ" అందురు. ఇద్దరు మల్లులును ముందే కూడబలుకుకొనిరనియు, ఒకడు పడుటకును ఒకడు గెలుచుటకును ఏర్పాటు జరిగినదనియు దాని అర్థము. ఆ మాట పుట్టినదనగా ఆ పోరు విలువ పోయినదన్నమాటే. పందెము కాసి రూపాయి పోగొట్టుకొన్నవాడు అట్లనుట న్యాయమే. కాని పందెమేమియు లేక కేవలము చూచుటకే పది మైళ్లు నడచి వచ్చినవాడు దేనిని చూడవచ్చెను? గెలుపునా? లేక మరి దేనినైననా?

నేడు జపాను దేశమున చిన్న చిన్న కుస్తీ కంపెనీలు పెక్కు కలవు. అవి ఊరూర తిరిగి, బడుల వ్యాయామశాలలలోను సంతవీథులలోను నాలుగు స్తంభములు పాతి, త్రాళ్లు కట్టి ఆడుచుండును. వాని ఆటలో మిక్కిలి వాడుకయైన కథ యొకటి: నిన్న మొన్న గోచి బిగించిన కొత్త పిల్లవాని యెదుట పేరుపడిన దుర్మార్గుడొకడు నిలుచును. ఆ దుర్మార్గుడు వేషమునకు దుర్మార్గుడు. కఱ్ఱయో కుర్చీయో తెచ్చి కొట్టును, మధ్యవర్తి కన్ను మరల్చి గొంతు నులుమును, చూడవచ్చినవారిని తిట్టును. జనులు కేకలు వేయుదురు. తుదకు పిల్లవాడే ఓడిపోవును. ఓడునని అందరును ఎఱుగుదురు. ఎఱిగియు టిక్కెట్టు కొని వత్తురు. ఇది విని మన పెద్దలు నవ్వి, లాలూచీ కుస్తీ యనిన చాలునని పంచ దులుపుకొని లేతురేమో! అట్లు లేచుటకు ముందు మన సీమలోనే సుమారు 500 ఏండ్లనాడు జరిగిన మల్లపోరులను గూర్చి వినవలెనని నా మనవి.

కథ యొక్క మూలము మనకు క్రొత్త కాదు. కడప మండలమున ఒంటిమిట్ట కోదండరాముని గుడికి పోయినవారెల్లరును పోతన పేరు విని వచ్చుదురు. ఆ మహాకవికిని ఆ యూరికిని గల సంబంధమునుగూర్చి పండితులు చిరకాలము వాదించుకొనిరి. ఆ వాదము నేటి ప్రసంగమునకు అక్కరలేదు. ఆయన భాగవత దశమస్కంధమును మన పల్లెలలో చదువనివారును విన్నవారే. మథురలో కంసుడు మల్లరంగము కట్టించి, చాణూరుడు ముష్టికుడు అను పేరుమోసిన జెట్లను నిలిపి, గొల్లపల్లెనుండి పిల్లలను పిలిపించెను. కృష్ణుడు మేము బాలురము, మాకు సమానులగువారితో పెనగెదమనెను. చాణూరుడొప్పుకొనలేదు, వేయి ఏనుగుల బలముగల ఏనుగును చంపినవాడవు, నీవు బాలుడవెట్లగుదువు అనెను. అప్పుడు మేడలమీది స్త్రీలు ఏమనుకొనిరో తలచుకొనుడు. ఒకవైపు కొండలవంటి మల్లులు, ఒకవైపు లేత పిల్లలు, ఇట్టి సరిపోని పోరు చూచుచు కూర్చున్న సభకు పాపము తగులునని వారు వాపోయిరి. కవి ఆ స్త్రీల మాటలకు ఎంత చోటిచ్చెనో గమనింపదగినది. పట్టులకంటె చూచువారి గుండె ముఖ్యమని కథ చెప్పువారికి ఆనాడే తెలిసియుండెను. విరాటపర్వమున వలలుడను వంటవాడు జీమూతుడను మల్లుని ఎదుర్కొన్న ఘట్టమును ఈ తీరుదే. గర్వించి నిలిచిన జెట్టి, వాని యెదుట ఎవడును లెక్కింపని క్రొత్తవాడు.

పురాణము పురాణమే, చరిత్రకు వత్తము. మన సీమకు రాయలసీమయని పేరు పెట్టినది 1928లో నంద్యాలలో. ఆ పేరులోని రాయలు స్వయముగా మల్లుడు. క్రీ. శ. 1520 ప్రాంతమున విజయనగరము చూచిన డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు కృష్ణదేవరాయల దినచర్యను వ్రాసిపెట్టెను. రాయలు తెల్లవారకముందే లేచి, నువ్వులనూనె త్రాగి, ఒడలినిండ నూనె పట్టించుకొని, చిన్న గోచి బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తును. పిదప కత్తి త్రిప్పుచు, త్రాగిన నూనె అంతయు చెమటగా దిగువరకు సాధన చేయును. అటుపిమ్మట తన జెట్లలో ఒకనితో కుస్తీ పట్టును. ఆ మీదట గుఱ్ఱమెక్కి వెలుగు వచ్చువరకు మైదానమున పరుగు తీయించును. రాజుతో పెనగు జెట్టి గెలువవలెనా, ఓడవలెనా? పేస్ ఆ సంగతి వ్రాయలేదు. మనము ఊహించుకొనవచ్చును. లాలూచీ కుస్తీ యనునది చిన్న కంపెనీలతో పుట్టినది కాదేమో!

మహానవమి ఉత్సవములలో జరిగిన కుస్తీని పేస్ వేఱుగా వర్ణించెను. అది తమ దేశపు కుస్తీవంటిది కాదనియు, పండ్లు రాలునట్లును కన్నులు పోవునట్లును ముఖములు వికృతమగునట్లును కొట్టుకొందురనియు, కొందరిని మాటపడిపోయిన స్థితిలో స్నేహితులు మోసికొనిపోవుదురనియు వ్రాసెను. అయితే ఆయన మఱియొక మాటకూడ వ్రాసెను. ఆ మల్లులకు నాయకులును తీర్పరులును ఉండిరట. ఇద్దరిని సమానస్థితిలో నిలుపుటయు, గెలిచినవానికి మర్యాద జరిపించుటయు వారి పని. మథురలో స్త్రీలు కోరినది ఇదియే కదా! కంసుని సభలో లేని తీర్పరి రాయల సభలో కలడు. నేటికిని హంపిలో మహానవమి దిబ్బ గోడలమీద పెనగులాడు మల్లుల బొమ్మలను చూడవచ్చును.

పేస్ వెళ్లిన పదునైదేండ్లకు న్యూనిజ్ అను గుఱ్ఱముల వర్తకుడు అచ్యుతరాయల కాలమున ఆ నగరమున ఉండెను. ఆయన వ్రాసినది ఇంకను వింతగానున్నది. పండుగకు రాజునొద్ద వేయిమంది మల్లులుందురు. వారు చేతులలో మొనలుగల వలయములను ధరించి ఒకరినొకరు గాయపఱచుకొందురు. వారికి రాజ్యమున మఱియే ఊడిగమును లేదు. వారిపై ఒక నాయకుడుండును. ఇంతవరకు సరి. తరువాతి మాట వినుడు: వారిలో ఎవడు ఎక్కువ గాయపడునో వాడు పోయి బహుమానముగా పట్టువస్త్రమును పుచ్చుకొనును.

ఎక్కువ గాయపడినవాడు! ఇది వ్రాతలో దొరలిన తప్పేమోయని కొందరు సందేహింపవచ్చును. గెలిచినవానికి బహుమానమిచ్చుట లోకరీతి యని వారి తలంపు. నాకట్లు తోచదు. న్యూనిజ్ వర్తకుడు, ఎవని చేతిలోనికి ఏ వస్తువు పోయినదో పొరపాటు పడని జాతి అది. గాయము భరించి నిలిచినవానిని చూడవచ్చిన సభ గాయపడినవానికే పట్టు కప్పుటలో వింత యేమి? గెలుపు ఒక్కరిది. గాయము భరించుట అందరును చూచినది. నేను మొదట అడిగిన ప్రశ్నకు మన సీమ చెప్పిన జవాబు ఈ పట్టువస్త్రమని నేను తలంచుచున్నాను.

న్యూనిజ్ మఱియొక సంగతియు వ్రాసెను. రాణివాసమున కుస్తీపట్టు స్త్రీలును ఉండిరట. దీనిని మనసునందుంచుకొనుడు; ముందు పనిపడును.

ఆ మొనల వలయమునకు వజ్రముష్టి యని పేరు. దానిని పట్టువారు జెట్లు. ఎడ్గార్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణదేశపు కులముల గ్రంథమున జెట్లు తెలుగు కులమనియు, మల్లవిద్యయే వారి వృత్తియనియు, తంజావూరులో అరవవారి నడుమ నుండియు తెలుగే మాటలాడుదురనియు వ్రాసెను. జందెము వేసికొందురట, తంజావూరు రాజులు తమ బొక్కసమునకును నగల గదులకును వారిని కావలి పెట్టిరట. మన భాషలో జెట్టియనగా మల్లుడనుట ఈ కులమువలననే నిలిచినది.

1565లో విజయనగరము కూలిన పిమ్మట ఆ దసరా సంప్రదాయమును మైసూరు ఒడయరులు చేపట్టిరి. 1610లో శ్రీరంగపట్టణమున రాజ ఒడయరు దసరా మొదలిడెను. జెట్లును అక్కడికి చేరిరి. మైసూరులో ఆంగ్లేయ ప్రతినిధిగా నుండిన విల్క్సు, 1810లో వెలువడిన తన చరిత్రలో, ఆ పోరును సూక్ష్మముగా వర్ణించెను. వజ్రముష్టిని దున్నకొమ్ముతో చేయుదురు. పిడికిలి కణుపులవలె నాలుగు వాడి మొనలుండును. దానిని గట్టిగా పట్టి కొట్టినచో సామాన్యబలము గలవాడును ఎదుటివాని తల చీల్చవచ్చును. కాని దానిని అట్లు పట్టనీయరు. వ్రేళ్ల కణుపుల నడుమ ఒక తావున బిగించి కట్టుదురు. అక్కడ కట్టినప్పుడు బలముగా కొట్టినచో కొట్టినవాని వ్రేళ్లే ముందు తొలగిపోవును. అందుచేత నెత్తురు కారును గాని ప్రాణము పోదు. పైగా ఒకడు మిక్కిలి అలసినను, అపాయమగు దెబ్బ తగిలినను రాజు సైగచేసి పోరు నిలుపును.

ఇందులో ఎంత యోచన కలదో చూడుడు. ఆయుధము క్రూరము, ఆయుధమును కట్టు తీరు దయ. చూచువాని కంటికి భయంకరముగ ఉండవలెను, పోరువాని ప్రాణమునకు ముప్పు రాకూడదు. ఇది మోసమందురా? మోసమైనచో ఆ నెత్తురు ఎవరిది? ఏర్పాటు గల పోరు, అబద్ధపు పోరు ఒకటి కావని విల్క్సు వర్ణన చదివినవారికి తెలియక మానదు.

అయితే ఆ విద్య ఎల్లప్పుడును దయతోనే వాడబడినదని చెప్పరాదు. టిప్పు సుల్తాను కాలమున మరణశిక్ష అమలుజరుపుటకు జెట్లను వాడిరనియు, వారు మెడ మెలిపెట్టి చంపుదురనియు అక్కడ బందీలుగా నుండిన ఆంగ్లేయులు వ్రాసిరి. రంగములో తీర్పరి ఉన్నంతవరకు జెట్టి మల్లుడు. తీర్పరి లేనిచోట ఆ చేతులే తలారి చేతులు.

మన కడప, కర్నూలు సీమలలో జెట్టి ఏమయ్యెను? 1800లో నైజాము ఈ సీమను కుంపినీవారికి దత్తము చేసెను. మన్రో దొర 1807 వరకు కలెక్టరుగా నుండి, సుమారు 80 మంది పాలెగాండ్రను అణచి వారి బలగములను చెదరగొట్టెను. కర్నూలు నవాబు కోట 1839లో పోయినది. కోట లేనిచోట కొలువు లేదు, కొలువు లేనిచోట జెట్టికి కూడు లేదు. థర్స్టన్ కాలమునకు తెలుగు జిల్లాలలో జెట్లు ఒడలు పిసికి, తైలము రాచి, నరముల నొప్పులు మాన్పుచు బ్రతుకుచుండిరి. ఎక్కడ పట్టిన ఎముక తొలగునో తెలిసినవానికి ఎక్కడ పట్టిన కూడునో తెలియకుండునా? దెబ్బతీయు విద్యలో మిగిలినది దెబ్బ మాన్పు సగము. ఆ సగమైనను మిగిలినందుకు సంతోషింపవలెను.

మన పల్లెలలోని గరిడీసాలలును తాలింఖానాలును ఈ రాచరికపు మల్లవిద్యకు దూరపు చుట్టములు. పీర్ల పండుగలో కఱ్ఱసాము, ఉగాదికి గుండెత్తు పందెములు, ఎఱ్ఱమట్టి గోదాలో నూనె కలిపి త్రవ్విన మెత్తని పాన్పు, వీనిని ఎఱిగిన పెద్దలకు వేఱుగా చెప్పనక్కరలేదు. ఉస్తాదు మొదట నేర్పునది పట్టు కాదు, పడుట. వెల్లకిల పడునప్పుడు గడ్డము రొమ్మునకు ఆనించి, చేతులు చాచి నేలను చఱచి పడవలెను. లేనిచో తల వెనుక తగిలి మనిషి దక్కడు. నేడు మన ఊళ్లలో గరిడీసాలలు చాలవరకు మూతపడినవి. ఎద్దుల బండలాగుడు పందెములు మాత్రము నిండుగ సాగుచున్నవి. మనుష్యుల బలము చూపు ముచ్చట తీరిపోయి, ఎద్దుల వంతు వచ్చినది.

ఇక ఏర్పాటులేని శుద్ధమైన కుస్తీ ఎట్లుండునో ఒక్క ఉదాహరణము. 1910 సెప్టెంబరులో లండనునగరమున మన గామా పహిల్వాను పోలండు దేశపు జబిస్కోను ఎదుర్కొనెను. గామా బలము చూచి జబిస్కో బోర్ల పడుకొని నేలను కరచుకొనెను. రెండున్నర గంటలకు పైగా అట్లే యుండెను! చూడవచ్చిన వేలమంది విసిగిపోయిరి. తీర్పు లేకయే ఆనాటి పోరు నిలిచినది. మరల నిర్ణయించిన నాటికి జబిస్కో రానేలేదు. 1928లో పటియాలాలో వారిద్దరును తిరిగి కలిసినప్పుడు గామా నిమిషములోపలనే అతనిని పడవైచెను. మొదటిది మిక్కిలి దీర్ఘము, రెండవది కన్ను మూసి తెరచునంతలో ముగిసినది. రెండును నిజమైన కుస్తీలే. చూచువానికి రెండింటను మిగిలినది తక్కువ. ఈ చిక్కు తెలిసియే అమెరికాలోని కుస్తీ వ్యాపారులు 1920 తరువాత పోరును ఒక కథవలె అమర్చుటకు పూనుకొనిరి. మంచివాడొకడు, చెడ్డవాడొకడు, నడుమ త్రాళ్లు. మన తెలుగువాడు, వీరఘట్టపు కోడి రామమూర్తినాయుడు, మఱియొక దారి త్రొక్కెను. కలియుగభీముడని పేరొంది 1942లో కీర్తిశేషుడైన ఆ మహాబలుడు సర్కసు కంపెనీ పెట్టి, ఇనుపగొలుసులు తెంచుటయు, రొమ్ముమీద ఏనుగు నెక్కించుకొనుటయు ప్రదర్శించెను. అందులో చెడ్డవాడు లేడు, ఏనుగే యెదిరి.

అమెరికా తీరు కుస్తీ మనకు 1950 తరువాత దారాసింగు, కింగుకాంగుల మూలమున తెలిసినది. కింగుకాంగు హంగేరీ దేశపు భారీ మనిషి. అసలు పేరు ఎమిలీ చాజా. ఆసియా అంతటను దుష్టపాత్ర వేసి జీవించెను. ఆ కింగుకాంగే 1955 నవంబరులో జపాను పోయి, అక్కడి వీరుడు రికిదోజాను చేత ఓడి, ఆసియా విజేత యను బిరుదును అతనికి అప్పగించెను. రికిదోజాను 1953లో జపానులో మొదటి పెద్ద కుస్తీ సంస్థను పెట్టినవాడు. 1954 ఫిబ్రవరిలో అతడు అమెరికానుండి వచ్చిన షార్ప్ సోదరులతో పెనగుటను టెలివిజనులో చూపినప్పుడు, ఇంట యంత్రము లేని జనులు వీథులలో నిలిపిన యంత్రములముందు గుమిగూడిరి. యుద్ధమున ఓడి 9 ఏండ్లైన దేశము అది. తెల్లని దొరలు పడుట చూచి వారి గుండె ఊరట చెందెను. ఇందొక చమత్కారము కలదు. జపాను ప్రజలు తమవాడని మురిసిన ఆ వీరుడు పుట్టుకచే కొరియావాడు; ఆ సంగతి నాడు దాచబడెను.

చెడ్డవాడు పరదేశివాడుగ ఉండుట ఆ రంగమునకు వాడుక. మనకు హంగేరీవాడు చెడ్డవాడు, జపానువారికి ఎవడనుకొన్నారు? మనవాడే. పంజాబులో పుట్టి కెనడా చేరిన టైగరు జీత్ సింగు 1973 మొదలు జపాను రంగములలో తలపాగా చుట్టి, చేత కత్తిపట్టి, ప్రేక్షకులమీదికి ఉఱికెడివాడు. జనులు కుర్చీలు వదలి పాఱిపోవువారు. ఆ భయంకరుని పేర ఇప్పుడు కెనడాలో, మిల్టను అను ఊర, పిల్లల బడి ఒకటి కలదు; ఆయన అక్కడ దానధర్మములకు పేరుపడినవాడు. కంసుని జెట్లకు అట్టి కీర్తి దక్కలేదు.

1972లో జపానున రెండు పెద్ద సంస్థలు వెలసెను. 1989లో ఓనితా అను మల్లుడు స్వతంత్రముగా ఒక చిన్న సంస్థ పెట్టి, త్రాళ్లకు బదులు ముండ్లతీగ కట్టి, మందుగుండు ప్రేల్చి ఆడించెను. అది చూచి మఱికొన్ని స్వతంత్రసంస్థలు పుట్టినవి. వజ్రముష్టి యొక్క కట్టు తీరు తెలిసినవారికి ముండ్లతీగ ఏమంత కొత్త కాదు. అయినను నాకది రుచింపదు. కొమ్ము మొనను వ్రేళ్ల కణుపులు అదుపుచేయును. మందుగుండును అదుపుచేయు కణుపేది?

ఈ సంస్థలన్నింటను కొత్తవాని బ్రతుకు ఒక్క తీరుది. పెద్దల బట్టలుతికి, కూడు వండి, వందలకొలది గుంజీళ్లు తీసి, అన్నిటికంటె ముందు పడుట నేర్చుకొనును. మన ఉస్తాదు మాటే అక్కడను మొదటి పాఠము. తరువాత ఏ అలంకారమును లేని నల్లగోచితో ఆట మొదటనే దిగి, నెలల తరబడి ఓడుచుండును. చెడ్డవాడు వాని పాలిటి పరీక్షకుడు. చూచువారికి కనబడనిది ఒకటి కలదు. ఆ చెడ్డవాడు ఎత్తి నేల కొట్టునప్పుడు పిల్లవాని మెడ వాని చేతిలోనే యుండును. చెడ్డవేషము అందరికంటె నేర్పరికి ఇత్తురు. ఆ వేషము వేసినవాడు కొట్టుచునే కాపాడవలెను.

రాణివాసపు మల్లస్త్రీలను మనసునందుంచుకొనుడని చెప్పితిని. జపానులో స్త్రీలకు వేఱే కుస్తీ సంస్థ కలిగి, 1980 తరువాత వెలుగు వెలిగెను. ఆ 1980లోనే ఇద్దరు పిల్లలు ఒకేసారి దానిలో కొత్తవారుగా దిగిరి. ఒకతె చిగుసా నగాయో, మఱియొకతె తరువాత డంపు మత్సుమోతో అను పేర ప్రసిద్ధిచెందినది. ఒకే కూడు తిని, ఒకే నేలమీద పడుట నేర్చిన యా యిద్దరిలో ఒకతె దేశమందలి బాలికలకు ఆరాధ్యురాలు, ఒకతె ముఖమునకు రంగులు పూసి, గొలుసులు ధరించి, ఘోరదుష్టుల జట్టునకు నాయకురాలు అయ్యెను. 1985 ఆగస్టు 28వ తేది ఒసాకా నగరమున వారిద్దరును తలవెండ్రుకలు పణముగా పెనగిరి. నగాయో ఓడెను. రంగము నడుమనే ఆమె తల గొఱిగిరి. చూడవచ్చిన వేలకొలది బాలికలు వెక్కి వెక్కి యేడ్చిరి. మథుర మేడలమీది స్త్రీల యేడ్పు ఎట్లుండెనో చూడవలెనన్నవారికి ఆనాటి చలనచిత్రములు నేటికిని దొరకును.

మత్సుమోతోను జనులు నిజమైన దుష్టురాలని నమ్మి ద్వేషించిరి. ఆమె వేషము తీసిన పిమ్మటను ఆ ద్వేషము ఆమెను విడువలేదు. మఱుసటి సంవత్సరము ఆమె వంతు వచ్చి ఆమె తలయు గొఱుగబడెను. ఆమె కథను 2024లో తెరకెక్కించిరి. ఆ దేశపు కొత్త తరమువారు చెడ్డదాని పక్షమున కన్నీరు పెట్టుకొనిరని వార్త. మనవారు భీముని కథ చదివి దుర్యోధనునికై తొడ చఱచుకొనుట లేదా? అదియు అట్టిదే.

నగాయో తరువాత సొంతముగ చిన్న సంస్థ పెట్టి, 1995 ఏప్రిలులో మొదటి ఆట ఆడించెను. అందులో ఆమె తీర్చిన కొత్త పిల్లలు దిగిరి. వారిలో 15 ఏండ్ల సతోమురా మెయికో అను బాలిక కలదు. ఆమె 30 ఏండ్లు ఆ వృత్తిలో నిలిచి 2025 ఏప్రిలున విరమించెను. తల గొఱిగించుకొని ఏడ్పించినది, పిల్లలకు పడుట నేర్పు ఉస్తాదయ్యెను. మత్సుమోతో పెద్దవయసునందును చిన్న సంస్థల రంగములలో అప్పుడప్పుడు కఱ్ఱ చేతబట్టి ప్రత్యక్షమగుచునే వచ్చెను. ఆమె చేత దెబ్బ తినుట కొత్తవారికి పట్టువస్త్రము దక్కినంత.

ఇదంతయు సురక్షితమని భ్రమపడరాదు. 1999లో అక్కడ రంగమెక్కి పట్టుమని నెలయైనను గడవని ఒక కొత్త బాలిక, ఆటలో తలకు దెబ్బ తగిలి కొన్నాళ్లకు మరణించెను. కథ ముందే ఏర్పడియున్నది. గెలుపోటములు ముందే తెలియును. అయినను తల నేలను తాకుటలో ఏర్పాటేమియు లేదు. లాలూచీ యని తేలికగా అనువారు ఆ పిల్లను ఒక్కసారి తలచుకొనవలెను. పడుట నేర్పుటలో ఒక్క నెల తొందరపడినను, చెడ్డవేషము వేసినవాని చేయి ఒక్క జానెడు తప్పినను ప్రాణమునకే వచ్చును. రాయల సభలో తీర్పరులను ఎందుకు నిలిపిరో, కొమ్ము మొనను వ్రేళ్ల నడుమ అంత యోచించి ఎందుకు కట్టిరో అప్పుడు తెలియును.

ఆ కట్టు నేటికిని పూర్తిగ విడిపోలేదు. మైసూరు దసరాలో విజయదశమి నాడు అంబారీ ఊరేగింపునకు ముందు రాజభవనపు ముంగిట జెట్లు వజ్రముష్టితో దిగుదురు. తల గొఱిగించుకొని, చిన్న పిలకమాత్రము విడిచి, గోచి బిగించి, దేవికి మ్రొక్కి, ఎదురెదురుగ నిలుచుందురు. ఈ సీమనుండి పోయిన రాచకుస్తీలో మిగిలినదంతయు అదే. చూడబోవువారు త్వరగా పోవలెను. పోరు ఒక నిమిషమైనను సాగకపోవచ్చును. ఒకని తలనుండి మొదటి నెత్తురు చుక్క రాలినంతనే నడుమనున్న పెద్దలు ఇద్దరిని పట్టి విడదీయుదురు.